జ్ఞప్తికి హాజరు పడలేదు

నేను తెలుగు మాస్టారిని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు కాస్త ఆచితూచి మాట్లాడటం మొదలుపెడతారు. అది గౌరవమేనని చాలాకాలం అనుకున్నాను. ఎవరైనా శుభలేఖ తెచ్చిస్తే ముహూర్తం కంటే ముందు ఒత్తులు చూసేవాణ్ణి. "కసాయం తాగండి మాస్టారూ" అంటే కప్పు అందుకోకుండానే "కషాయం" అని దిద్దేవాణ్ణి. కోనసీమలో మా ఊళ్ళో నాకు శేషగిరి అనే పేరుందని చాలామందికి తెలియదు. ఒత్తుల మాస్టారి ఇల్లెక్కడంటే మాత్రం పాలవాడు కూడా చూపిస్తాడు.

అలాంటివాడికి కూతురు పుట్టింది.

ఆ రోజుల్లో మా పేటలో ఆడపిల్లలకి ఫోనులో వెతికి పేర్లు పెడుతున్నారు. హన్విక, శాన్విత, ద్విష్ణ, ఇలా ఉండేవి. అర్థమేమిటని అడిగితే తల్లీ తండ్రీ ఒకరి మొహం ఒకరు చూసుకుని "లక్ష్మీదేవి అంటండి" అనేవారు. అర్థం తెలియని ప్రతి పేరూ లక్ష్మీదేవే. నేను స్టాఫ్ రూములో కూర్చుని ఈ పేర్లన్నిటినీ చీల్చి చెండాడేవాణ్ణి. కాబట్టి నా కూతురికి అర్థం ఉన్న పేరు, ఎవరూ పెట్టని పేరు, ముఖ్యంగా నేను తప్ప ఎవరూ సరిగ్గా పలకలేని పేరు పెట్టాలని నిశ్చయించుకున్నాను.

జ్ఞప్తి అని పెట్టాను.

మా ఆవిడ కనకవల్లి సహకార బ్యాంకులో పనిచేస్తుంది. పేరు వినగానే ఒళ్ళో బిడ్డని కాస్త దగ్గరికి లాక్కుంది.

"జప్తి ఏవిటండీ. మేం మొండి బకాయిల వాళ్ళ ఇళ్ళకి పంపించేది అదేగా."

"జప్తి కాదు వల్లీ, జ్ఞప్తి. జ్ఞాపకం, ఎరుక. నాలుక నడుమ భాగం అంగిలికి ఆనించి, జ అనబోయి ఆగి, ఊపిరిని ముక్కులోకి మళ్ళించాలి."

"అన్నం తినడానికి రమ్మని పిలవాలన్నా ఇంత పనీ చెయ్యాలా?" అంది.

బారసాల రోజున పురోహితుడు పేరు మూడుసార్లు బిడ్డ చెవిలో చెప్పాలి. మొదటిసారి గ్నప్తి అన్నాడు, రెండోసారి గ్యాప్తి అన్నాడు, మూడోసారి దగ్గాడు. మా మేనత్త వినికిడి తక్కువ మనిషి. "ఆడపిల్లకి గణపతి పేరేవిట్రా" అని ఆశ్చర్యపోయింది. నేను నవ్వుకున్నాను. లోకం ఎప్పటికైనా నేర్చుకుంటుందనుకున్నాను.

లోకం నేర్చుకోలేదు గానీ పేరు మాత్రం పట్టుకుంది. నేను పనిచేసే బడి వార్షికోత్సవంలో "అర్థవంతమైన పేర్లు" అనే విషయం మీద మాట్లాడుతూ మా అమ్మాయి పేరు ఉదాహరణగా చెప్పాను. వేదిక మీద ఉన్న మా కరస్పాండెంట్ వరహాలరాజు గారికి అది నచ్చి, ఇంట్లో పుట్టబోయే మనవరాలికి అట్టిపెట్టేశారు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, బడి ఉంది, ఊళ్ళో మాట ఉంది. రాజుగారి మనవరాలి పేరు మా పిల్లకెందుకు ఉండకూడదని ఊరు అనుకుంది. మా అమ్మాయి ఆరో తరగతికి వచ్చేసరికి బడి నిండా జ్ఞప్తులే. ఇంగ్లీషు స్పెల్లింగు కొందరికి జీ తో, కొందరికి జే తో, ఒక పిల్లకైతే ఎన్ తో మొదలయ్యేది. ఎవరూ పెట్టని పేరు అని నేను గర్వపడిన పేరుతో ఒక్క తరగతి గదిలో పిలిస్తే నలుగురు లేచేవారు. పేరెంత పాకినా పలకడం మాత్రం ఎవరికీ పట్టుబడలేదు. ఉపాధ్యాయులందరూ కలిసి దాన్ని అరగదీసి అరగదీసి చివరికి జప్తి దగ్గర ఆపారు.

అలా ఉండగా ఒకనాడు రైసు మిల్లు యజమాని సత్తిరాజు గారు బడికి వచ్చారు. వచ్చేటప్పుడు చెప్పులు బయట విడవలేదు, దాన్నిబట్టే విషయం గట్టిదని తెలిసింది.

"ఏవండీ, మా మిల్లుకి బ్యాంకువాళ్ళు తాళం వేసిన వారమేనండి ఇది. మీ లెక్కల టీచరుగారు క్లాసులో మా పిల్లని పట్టుకుని 'జప్తీ, లేచి నిలబడు' అన్నారంట. పిల్లలందరూ నవ్వారంట. మా పిల్ల అన్నం ముట్టట్లేదండి."

లెక్కల టీచరు మంగతాయారు గారు నిజంగానే బాధపడ్డారు. "నాకు వచ్చింది అదేనండి. నాలుక తిరగదు. కావాలని అన్లేదు" అన్నారు.

వరహాలరాజు గారు వెంటనే సమావేశం పెట్టారు. ఆయన మామూలుగా మాట్లాడితే చక్కగానే ఉంటుంది గానీ, కుర్చీలో కూర్చున్నాక మాట మారుతుంది.

"బిడ్డ పేరు బిడ్డకి తొలి ఆస్తండి. దాన్ని సక్రమంగా పలకడం మన సంస్థ మౌలిక బాధ్యతండి. ఈ విషయంలో సంస్థ రాజీపడే ప్రసక్తి లేదండి. శేషగిరి మేస్టారూ, తమరు ఏవంటారు?"

ఆ ప్రశ్న కోసం నేను పాతికేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. లేచి, గొంతు సవరించుకుని, జ్ఞ అనే అక్షరం పుట్టుపూర్వోత్తరాలు చెప్పాను. కరెంటు పోయింది, వచ్చింది, నేను ఆపలేదు. సమావేశం ముగిసేసరికి నేను ఆ సంస్థకి ఉచ్చారణాధికారిని. జీతం పెరగలేదు. బల్ల మీద పెట్టుకోవడానికి ఒక పలక ఇచ్చారు. దాని మీద "ఉచ్చరణాధికారి" అని చెక్కారు. దీర్ఘం పోయింది. అది అపశకునమని అప్పుడే తెలుసుకోవలసింది. నేను దానికి సున్నంతో దీర్ఘం పెట్టుకున్నాను.

మొదటి ఉత్తర్వు నేనే రాశాను. రాస్తున్నప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ సిగ్గు తెప్పిస్తుంది. "ఇందుమూలముగా సమస్త బోధన, బోధనేతర సిబ్బందికి తెలియజేయునదేమనగా, తన పేరును దోషయుక్తముగా ఉచ్చరించిన యెడల బదులు పలుకకుండుటకు విద్యార్థికి సంపూర్ణ హక్కు కలదు."

పిల్లలకి ఈ గ్రాంథికం అంతా వెంటనే అర్థమైంది. నా పాఠం అంత వేగంగా వాళ్ళకి ఎన్నడూ అర్థం కాలేదు.

మర్నాడు మొదటి పీరియడులో మంగతాయారు గారు హాజరు తీసుకోబోయారు. మొదటి జ్ఞప్తి దగ్గరే ఆగిపోయారు.

"జప్తి."

ఎవరూ పలకలేదు.

"గ్నప్తి. గ్యాప్తి. అమ్మా, నువ్వే, నీలం రిబ్బను."

నీలం రిబ్బను పిల్ల కిటికీలోంచి కొబ్బరిచెట్టు చూస్తూ కూర్చుంది. గంట కొట్టేవరకూ హాజరే సాగింది. తర్వాతి పీరియడులో సైన్సు మాస్టారు ప్రశ్న అడిగితే "అది నా పేరు కాదండి" అని జవాబు వచ్చింది. వారం తిరిగేసరికి మిగతావాళ్ళకి కూడా హక్కులు గుర్తొచ్చాయి. భార్గవి తన "భ"కి ఒత్తు చాలలేదంది. శశాంక్ తన పేరులో రెండు శలూ ఒకేలా లేవన్నాడు. ఎక్కాలు రాని ప్రతి పిల్లా తన పేరులో ఏదో ఒక దోషం కనిపెట్టింది. సాయంత్రాలు నేను ఉపాధ్యాయులందరినీ వరసగా కూర్చోబెట్టి నోళ్ళు తెరిపించి, నాలుక ఎక్కడ ఉందో టార్చిలైటు వేసి చూసేవాణ్ణి. అర్ధసంవత్సర పరీక్షలు దగ్గర పడుతున్నా లెక్కల్లో ఒక్క పాఠం పూర్తి కాలేదు.

"మాస్టారూ, నాకు భిన్నాలు చెప్పుకోనివ్వండి. పిల్లల్ని వేలు పెట్టి చూపిస్తాను, పేర్లొద్దు" అని మంగతాయారు గారు బతిమాలారు.

"వేలు పెట్టి చూపించడం సంస్కారం కాదండి" అన్నాను.

మా అమ్మాయి ఒక్కతే ఈ హక్కు వాడుకోలేదు. ఎవరు ఎలా పిలిచినా పలికేది. దాని ధ్యాసంతా కబడ్డీ మీద ఉండేది. నాకది చిన్నతనంగా ఉండేది. "నీ పేరు నువ్వు కాపాడుకోకపోతే ఎవరు కాపాడతారే" అన్నాను. "పిలిచింది నన్నేనని తెలుస్తోందిగా నాన్నా" అంది. దానికి చాలాసేపు వివరించాను. మధ్యలో నిద్రపోయింది.

భిన్నాలు రాలేదని తల్లిదండ్రులు గొడవ చేసేసరికి వరహాలరాజు గారు హైదరాబాదు నుంచి కౌండిన్య గారనే సలహాదారుని తీసుకొచ్చారు. సన్నగా, తెల్లగా, ఎప్పుడూ మెడలో ఒక తాడుతో కార్డు వేలాడేసుకుని ఉండేవాడు. నా ఉత్తర్వు చదివి నావైపు జాలిగా చూశాడు.

"మాస్టారు గారి నిబద్ధతని మనం గౌరవించాలి. కానీ ఉచ్చారణ ఒక వ్యక్తి నోటి మీద ఆధారపడకూడదు సార్. వ్యవస్థ మీద ఆధారపడాలి. టీచరు పిలవడం, పిల్ల పలకడం, ఇది పాతకాలపు పద్ధతి. పిల్లే తన పేరు చెబుతుంది. యంత్రం వింటుంది. గేటు తెరుచుకుంటుంది. మానవ ప్రమేయం సున్నా."

యంత్రం వచ్చింది. గేటు పక్కన, నిలువెత్తున, నోటి దగ్గర చిల్లులతో ఉండేది. ఉపాధ్యాయులు, బస్సు డ్రైవర్లు, కాపలాదారు, అందరూ దాని ముందు నిలబడి పేరు చెప్పాలి. పచ్చదీపం వెలిగితే హాజరు, ఎర్రదీపం వెలిగితే గైర్హాజరు. నాకు లోలోపల సంతోషమే. యంత్రానికి పక్షపాతం ఉండదు కదా, నిక్కమైన ఉచ్చారణని అదైనా గుర్తిస్తుందనుకున్నాను.

"దీనికి సరైన ఉచ్చారణ ఏదో ఎవరు నేర్పుతారండి?" అని అడిగాను, నన్నే పిలుస్తారని.

"ప్రజలే నేర్పుతారు సార్" అన్నాడు కౌండిన్య. "ఊళ్ళో అందరూ ఎలా పలుకుతున్నారో రికార్డు చేశాం. ఎక్కువమంది ఏది అంటే అదే ప్రమాణం."

ఊరంతా ఏమంటుందో మా ఆవిడ పేరు విన్ననాడే చెప్పింది. యంత్రం జప్తి అని స్థిరపరుచుకుంది.

బడిలోని జ్ఞప్తులందరూ ఒకటి రెండు రోజులు ఎర్రదీపం చూసి, మూడోనాడు జప్తి అనేసి లోపలికి వెళ్ళిపోయారు. మిల్లువారి పిల్ల కూడా అలాగే వెళ్ళింది. ఈలోగా వాళ్ళ మిల్లు తాళం కూడా తీశారు. మిగిలింది మా అమ్మాయి. రోజూ ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు నేను దానికి ఒకటే మాట చెప్పేవాణ్ణి, "స్పష్టంగా చెప్పు, జంకకు" అని. అది యంత్రం ముందు నిలబడి, నాలుక నడుమ భాగం అంగిలికి ఆనించి, నేను నేర్పినట్టు ముచ్చటగా జ్ఞప్తి అనేది. యంత్రం కాసేపు ఆలోచించేది. పచ్చదీపం వెలిగేది. గేటు తెరుచుకునేది. నేను మురిసిపోయేవాణ్ణి.

మధ్యాహ్నం నేను ఆరో తరగతిలో పాఠం చెబుతుండగా జేబులో ఫోను మోగేది. "ప్రియమైన తల్లిదండ్రులకు, మీ అమ్మాయి ఈరోజు పాఠశాలకు హాజరు కాలేదు. కారణం తెలుపగలరు." తలెత్తి చూస్తే మా అమ్మాయి ముందు బల్ల మీద కూర్చుని పెన్సిలు చెక్కుకుంటూ ఉండేది.

ఒకటి రెండుసార్లు యంత్రం కొత్తది కదా అని ఊరుకున్నాను. రోజూ వస్తుంటే వరహాలరాజు గారి దగ్గరికి వెళ్ళి, పిల్ల క్లాసులోనే ఉందని మనవి చేశాను.

"మేస్టారూ, తమరు పెద్దవారు, తమకి తెలియనిది కాదు. కంటికి కనబడినంత మాత్రాన హాజరైనట్టు కాదండి. హాజరు వేరు, ఉండటం వేరు. మీ అమ్మాయి ఉంటోందండి, కాదన్ను. హాజరు కావట్లేదు."

"గేటు తెరుచుకుంటోంది గదండీ."

"గేటు సంగతి గేటుదండి. హాజరు సంగతి హాజరుది."

అంతటితో పోయేది. కానీ మండల స్థాయి కబడ్డీ పోటీలు వచ్చాయి. జట్టులో మా అమ్మాయి పేరు లేదు. హాజరు చాలనివాళ్ళని సంస్థ తరపున పంపకూడదని నిబంధన. ఆ సాయంత్రం అది ఇంటికి వచ్చి, సంచీ మూలన పెట్టి, చేతులూ కాళ్ళూ కడుక్కోకుండా అరుగు మీద కూర్చుంది.

"నాన్నా, నేను కూడా జప్తి అనేస్తాను. ఆ ఒక్క గేటు దగ్గరేగా."

"ఇవాళ గేటు దగ్గర అంటావు, రేపు ఇంకోచోట అంటావు. మాట ఒకసారి జారితే అంతే. నువ్వు తప్పు చెయ్యలేదు, యంత్రం చేసింది. నేను పోరాడతాను."

"పోటీలు శనివారం నాన్నా."

వల్లి వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "ఏవండీ, పోరాటం మీది. ఆడకుండా కూర్చునేది అది" అంది. నేను వినిపించుకోలేదు. నా మనసులో అప్పటికే యంత్రానికి రాయబోయే వినతిపత్రం మొదటి వాక్యం తయారవుతోంది.

మర్నాడు ఉదయం గేటు దగ్గర గందరగోళం. ఆరో నంబరు బస్సు రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది. లోపల పిల్లలు కేకలు వేస్తున్నారు. డ్రైవరు గణపతి యంత్రం ముందు నిలబడి తన పేరు పదే పదే చెబుతున్నాడు. కూతురి పురిటికని సెలవు పెట్టి వెళ్ళినవాడు, ఆ రోజే వచ్చాడు. అతను ఊళ్ళో లేనప్పుడు పెట్టిన యంత్రం కాబట్టి దాన్ని చూడటం అదే మొదటిసారి. పేరు మాత్రం దానికి ముందే ఎక్కించారు.

"గణపతండి. గణపతి. నేనేనండి బాబూ."

యంత్రం ఆడగొంతుతో మర్యాదగా చెప్పింది: "గణపతి గారు, మీరు ఇప్పటికే లోపల ఉన్నారు."

"లోపలుంటే బయటున్నదెవరండి?" అని గణపతి కాపలాదారుని అడిగాడు.

కాపలాదారు నిబంధన ప్రకారం రెండో గణపతిని రానివ్వనన్నాడు. కౌండిన్య పరుగున వచ్చి లెక్కలు తీయించాడు. సెలవులో ఉన్నన్నాళ్ళూ గణపతి ఒక్కరోజు కూడా బడి మానలేదని తేలింది. అంతేకాదు, సిబ్బంది మొత్తంలో వేళకి వచ్చేది ఆయనొక్కడే. రోజూ గణపతినని చెప్పి లోపలికి వస్తున్నదెవరో తెలుసుకుందామని యంత్రం దాచిన గొంతుని అందరి ఎదుటా వినిపించారు.

స్వచ్ఛంగా, ముత్యంలా, ఒక పసిగొంతు అంది: "జ్ఞప్తి."

నేను కళ్ళు మూసుకున్నాను. అంత చక్కటి జ్ఞ మా ఊళ్ళో ఎన్నడూ వినబడి ఉండదు.

"గణపతి అన్నట్టే ఉందండి నాకూ" అన్నారు వరహాలరాజు గారు.

నేను ముందుకెళ్ళి, తేడా చూపిస్తానని యంత్రానికి ముఖం దగ్గరగా పెట్టి ప్రాణం పెట్టి పలికాను. "గణపతి గారు, మీరు ఇప్పటికే లోపల ఉన్నారు" అంది అది నాతో కూడా. బస్సులో పిల్లలు చప్పట్లు కొట్టారు.

అత్యవసర సమావేశం జరిగింది. నేను ఒకటే అడిగాను, ఆ హాజరంతా మా పిల్లది కాబట్టి దాని ఖాతాకి మార్చమని. కౌండిన్య తల అడ్డంగా ఊపాడు.

"డేటాని మార్చకూడదు సార్. మారిస్తే వ్యవస్థ మీద నమ్మకం పోతుంది. వాస్తవాన్ని డేటాకి అనుగుణంగా సర్దుకోవాలి. హాజరు గణపతి పేరున ఉంది. గొంతు ఈ అమ్మాయిది. అంటే వ్యవస్థ దృష్టిలో ఈ అమ్మాయి గణపతి. పోటీలకి గణపతిగా వెళ్ళడానికి ఎలాంటి అభ్యంతరమూ లేదు."

"మరి నేనెవర్నండి?" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ గణపతి.

"మీ విషయం పరిశీలనలో ఉంది" అన్నారు వరహాలరాజు గారు.

నేను అభ్యంతరం చెప్పబోయాను. మా అమ్మాయి అప్పటికే "సరేనండి" అనేసింది.

శనివారం హైస్కూలు మైదానంలో ముగ్గుతో గీసిన బరి చుట్టూ జనం చేరారు. రెఫరీగా ఒక పెద్దావిడ, మెడలో ఈల. మా జట్టు పేర్లు చదువుతూ ఆగింది.

"గణపతి."

రెండు జడల మా అమ్మాయి చెయ్యెత్తింది. ఆవిడ కాగితం చూసింది, పిల్లని చూసింది, మళ్ళీ కాగితం చూసింది.

"నీ పేరు గణపతా?"

"ఆడేటప్పుడేనండి."

ఆవిడ టిక్కు పెట్టి తర్వాతి పేరుకి వెళ్ళింది. మండల స్థాయిలో ఆవిడ ఇంతకంటే వింతలు చూసి ఉంటుంది.

నేను మా అమ్మాయి ఆట అంతకుముందు చూడలేదు. ఆ మాట రాయడానికి ఇప్పుడు కూడా కలం కాస్త తడబడుతోంది. మా ఇంటి వెనక సందులోనే ఆడేది, కిటికీ తీస్తే కనబడేది. ఎదుటి జట్టు పిల్ల కూతకి వచ్చింది. పొడవుగా, బలంగా ఉంది. మనవాళ్ళందరూ వెనక్కి తగ్గారు. మా అమ్మాయి మూలన వంగి, చేతులు చాపి, రెప్ప వెయ్యకుండా నిలబడింది. ఆ పిల్ల కాలు గీత లోపలికి పడిందో లేదో, మడమ పట్టేసుకుంది. ఇక వదల్లేదు. ఆ పిల్ల ఈడ్చింది, తన్నింది, చివరికి కూత ఆగిపోయింది. మావైపు పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు.

"జప్తీ. జప్తీ. జప్తీ."

నా పక్కన మంగతాయారు గారు కూడా అరుస్తున్నారు. "ఇదేంటండీ" అన్నాను.

"పోయినేడాది నుంచీ అంతేగా మాస్టారూ. చేతికి చిక్కితే వదలదని పిల్లలు పెట్టుకున్న పేరు. అదెంత మురిసిపోతుందో మీకు తెలీదా?" అన్నారు, నావైపు చూడకుండానే.

మరో పిల్ల వచ్చింది, జప్తి అయింది. ఇంకో పిల్ల వచ్చింది, జప్తి అయింది. ఒళ్ళంతా దుమ్ముతో, మోచెయ్యి గీరుకుపోయి, మా అమ్మాయి నవ్వుతోంది. ఆ నవ్వు ఇంట్లో నేను ఒత్తులు నేర్పేటప్పుడు చూసింది కాదు. ఆ పేరుకి ఇన్నేళ్ళుగా నేను చెబుతూ వచ్చిన అర్థం ఆ బరిలో ఎవరికీ అక్కర్లేదు. ఆ పిల్లలు దానికి వేరే అర్థం ఇచ్చారు, అది మా అమ్మాయికి కొలత తీసి కుట్టినట్టుంది.

ఆట చివరికి వచ్చింది. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి కూతకి ఆ పొడవాటి పిల్లే మళ్ళీ వచ్చింది. పిల్లని పిలవాలనిపించింది. నోరు తెరిచాను. నాలుక అంగిలికి ఆనింది, జ అనబోయి ఆగాను, ఊపిరి ముక్కులోకి మళ్ళింది. అంతే, కేక ముక్కులోనే ఉండిపోయింది. ఆ పేరుని గట్టిగా అరవడం కుదరదు. కుదరదని పదకొండేళ్ళకి తెలిసింది, ఎందుకంటే ఎప్పుడూ అరిచి పిలవలేదు. తప్పు పలికినవాళ్ళని దిద్దడానికే వాడాను.

అప్పుడు తెలుగు మాస్టారి ఉద్యోగం, ఉచ్చారణాధికారి పలక, సున్నంతో పెట్టుకున్న దీర్ఘం అన్నీ పక్కన పెట్టి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అరిచాను.

"జప్తీ."

మైదానం అవతలికి వినబడి ఉంటుంది. మా అమ్మాయి ఉలిక్కిపడి తల తిప్పి చూసింది. నాన్న నోట ఆ మాట విని నమ్మలేనట్టు చూసింది. ఆ చూసిన రెప్పపాటులో పొడవాటి పిల్ల దాని భుజం తాకి గీత దాటి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క పాయింటుతో మా బడి ఓడిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అది నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. కాలువ వంతెన దాటాక నేనే అన్నాను, "నేను కూడా జప్తి అని పిలిచాను, విన్నావా?"

"విన్నాను నాన్నా. అందుకేగా ఓడిపోయాం. కూత నడుస్తుంటే ఎవరైనా పిలుస్తారా?"

"తప్పేనమ్మా."

"ఏ పేరుతో అయినా సరే, అప్పుడు పిలవకూడదు" అంది. ఇంకా కొంత దూరం నడిచాక చెయ్యి పట్టుకుంది. మోచేతి మీద మట్టి నా చొక్కాకి అంటింది.

తర్వాత సంగతులు త్వరగానే జరిగిపోయాయి. గణపతి సగం రోజులు గేటు బయటే ఉండిపోవడంతో బస్సు రాక, పిల్లల తల్లిదండ్రులు తిరగబడ్డారు. కౌండిన్య గారు ఇంతకంటే పెద్ద సంస్థకి వెళ్ళిపోయారు. యంత్రం మీద కాపలాదారు గొడుగు తగిలించుకుంటున్నాడు. మంగతాయారు గారు తలెత్తి చూసి, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో వేసుకుని భిన్నాలు మొదలుపెడుతున్నారు. ఆ ఏటి వార్షికోత్సవంలో అత్యుత్తమ హాజరుకి గణపతికి గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. పుట్టబోయే పిల్లలకి సంస్థ ఆమోదించిన పేర్లే పెట్టేలా ఒక విధానం రూపొందించమని వరహాలరాజు గారు నన్ను కోరారు. గొంతు బాగాలేదని తప్పించుకున్నాను.

ఒక ఆదివారం గణపతి ఆ గడియారం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ఇది మీ పాపదండి. నేను కూతురింటికాడ పనసతొనలు తింటంటే పాపేగా నా బదులు వచ్చింది" అని దాన్ని మా అమ్మాయి చేతిలో పెట్టాడు. తర్వాత కాసేపు తువ్వాలు సర్దుకున్నాడు. "మనవరాలికి ఇంకా పేరెట్టలేదండి. మంచి పేరు మీరే సెప్పాలండి మాస్టారూ."

నా నాలుక చివర ఒక పేరు సిద్ధంగా ఉంది. మూడు సంయుక్తాక్షరాలు, చివర విసర్గ. వల్లి వంటింట్లో గరిటె ఆపింది. మా అమ్మాయి గడియారం మీంచి తలెత్తి నావైపు చూసింది, ఆ పొడవాటి పిల్ల కూతకి వస్తున్నప్పుడు చూసినట్టే.

నేను ఆ పేరు మింగేశాను.

"గణపతీ, అలా గేటు దగ్గర నిలబడి, వీధి చివర ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు ఒక కేక వెయ్యవయ్యా. నోట్లోకి ఏ పేరు వస్తే అదే."

అతను మొహమాటపడుతూ వెళ్ళాడు. గేటు పట్టుకుని, మెడ చాచి, బస్సు హారన్ లాంటి గొంతుతో పిలిచాడు.

"లచ్చిమీ."

ఎదురింటి మేడ మీంచి ఒకావిడ "ఆఁ" అంది. సందులోంచి ఇంకొకావిడ "వస్తన్నా" అంది. కుళాయి దగ్గర మూడో ఆవిడ బిందె దింపి, ఎవరు పిలిచారా అని చుట్టూ చూసింది.